బావి కడిగిన రోజు

పెరట్లో ఇనుప చట్రంలో మూడు కుండలు ఒకదాని కింద ఒకటి కూర్చుని ఉంటాయి. పై కుండలో బొగ్గు, మధ్య కుండలో ఇసుక, కిందిది ఖాళీ. పై రెండింటి అడుగునా సన్నటి చిల్లు. బావిలో తోడిన నీళ్ళను ముందురోజే బిందెలో పోసి, పటిక ముక్క పదిసార్లు తిప్పి వదిలేయాలి. తెల్లారేసరికి మడ్డి అడుగుకి చేరుతుంది. పైన తేరిన నీటిని బిందె కుదపకుండా వంచి, నాలుగు మడతల నూలుగుడ్డ మీదుగా పై కుండలో పోస్తే, చుక్కచుక్కగా దిగి మధ్యాహ్నానికి కింది కుండ నిండుతుంది. టీ రంగులో ఉన్న నీళ్ళు లేత పసుపుకి వస్తాయి. ఆ రంగు తేడా కోసం ఇంటి పెద్దకోడలు ఏళ్ళ తరబడి రోజూ నడుం వంచుతోంది.

పన్నెండేళ్ళ క్రితం మునిసిపాలిటీ ఊరి చెత్తంతా తెచ్చి వీధి వెనక పల్లంలో పోయడం మొదలుపెట్టింది. మొదటి రెండు వానాకాలాలూ వాసన ఒక్కటే. మూడో వానాకాలానికి బావులు రంగు తిరిగాయి. చాలామంది బావులు పూడ్చేసుకున్నారు. మంగళవారం మంగళవారం మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చి ఇంటికి రెండు డ్రమ్ములు పోసి పోతుంది. అవి మూడు రోజులొస్తే గొప్ప. మిగతా రోజులకి దిక్కు పెద్దకోడలి కుండలే. వీధి ఆమెకి ఫిల్టరక్క అని పేరు పెట్టింది. ఎవరైనా ఆ పేరుతో పిలిచి నవ్వితే, “నవ్వండి, నవ్వండి. నవ్వడం అయ్యాక చెంబు పట్టుకుని రండి” అనేది.

అత్తగారు పోయి చాలాకాలమైనా ఆ ఇంటి ఆడవాళ్ళిద్దరూ వీధికి ఇంకా పెద్దకోడలూ చిన్నకోడలే. అన్నదమ్ములిద్దరూ ముందు గదిలో మోటార్లకి వైండింగు చేస్తారు. షాపులోని నూనె మరక ఒక్కటి కూడా గడప దాటి లోపలికి రాకూడదు. భర్త అయినా మరిది అయినా చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్దుకున్నాకే కంచం దగ్గరికి రావాలి. పెద్దకోడలి రాజ్యంలో మురికికి చోటు లేదు. వెనక గోడ అవతల కొండంత చెత్త ఉండటం వల్లనేమో, గోడ ఇవతల ఆమె పట్టుదల ఏడాదికేడాదికీ పెరిగింది.

చిన్నకోడలు ఒక ముసలి లాయరుగారి దగ్గర టైపు చేస్తుంది. పెళ్ళయి ఏడేళ్ళు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నాలుగో నెల దాటలేదు. రెండోసారి డాక్టరమ్మ కాగితాలన్నీ పక్కన పెట్టి, నీళ్ళ వల్లేనని తాను రాసివ్వలేననీ, కానీ తన చెల్లెలే అయితే ముందు నీళ్ళు మార్చుకోమని చెబుతాననీ అన్నది. నీళ్ళు మార్చుకోవడమంటే ఇల్లు మార్చుకోవడం. ఆ వీధిలో ఇల్లు కొనేవాడు లేడు. షాపు మార్చితే పాతికేళ్ళ ఖాతాదారులు వెతుక్కుంటూ రారు. అందుకని చిన్నకోడలు తనకి తెలిసిన పని చేసింది. వీధి తరఫున అర్జీ టైపు చేసింది.

చట్టంలో అన్నీ ఉన్నాయి. చెత్త పోసే గుంట అడుగున మందపాటి షీటు పరవాలి. దానిలోంచి ఊరే నల్లనీటిని వేరే తొట్టిలో పట్టి శుభ్రం చేయాలి. తాగే నీళ్ళ బావులకి ఇంత దూరం ఉండాలి. ఏటా చుట్టుపక్కల బావులు పరీక్షించాలి. ఆ నిబంధనలు ఒక్కొక్కటే టైపు కొట్టుకుంటూ పోతుంటే ఆమెకి, ఎవరో ఎప్పుడో తమ పెరడు చూసి వెళ్ళి ఇవన్నీ రాసినట్టే అనిపించింది. వాటిలో ఒక్కటీ గోడ అవతల లేదు.

కేసు మూడేళ్ళు నడిచింది. మునిసిపాలిటీ తరఫు లాయరు, వీధిలో మరుగుదొడ్ల గుంతల వల్లే బావులు చెడ్డాయన్నాడు. చివరికి జడ్జిగారు విసిగిపోయి ఒక మాట తేల్చారు. చెత్తకి అన్నిటికన్నా దగ్గరున్న బావిలో, రెండు పక్షాల ఎదుటా, కాలుష్యం ఆఫీసువాళ్ళు నమూనా తీయాలి. నీళ్ళు చెడ్డవని రిపోర్టు వస్తే మునిసిపాలిటీ ఆరు నెలల్లో వీధికి కుళాయిలు వేసి చెత్త అక్కణ్ణించి ఎత్తేయాలి. బాగున్నాయని వస్తే అర్జీ కొట్టేస్తారు. అన్నిటికన్నా దగ్గరున్న బావి వీళ్ళదే. నమూనా బుధవారం. ఆ కాగితం చేతికొచ్చేసరికి చిన్నకోడలికి మూడోసారి రెండో నెల.

సోమవారం భోజనాల దగ్గర పెద్దకోడలు అడిగింది.

“ఇంట్లోకి కూడా వస్తారా?”

“రారక్కా. బావి దగ్గరికే. నీళ్ళు పట్టుకుని, ఫోటోలు తీసుకుని పోతారు.”

“ఫోటోలెందుకు?”

“కోర్టులో చూపించాలిగా.”

పెద్దకోడలు చిన్నకోడలి కంచంలో ఇంకో గరిటె కూర వేసి లేచింది.

మంగళవారమంతా చిన్నకోడలు ఆఫీసులో బుధవారం పనిలోనే ఉంది. ఎవరెవరు సంతకాలు పెట్టాలి, ఎన్ని బాటిళ్ళు, ఎన్ని గంటల్లోపు లేబుకి చేరాలి అని వరసగా రాసుకుంది. లక్క ముద్ర సరిగా పడలేదని కొట్టేసిన కేసులు, సీసా మీద తేదీ లేదని కొట్టేసిన కేసులు ఆ గదిలోనే తన చేత్తో టైపు చేసింది. ఈసారి అలాంటి కంత ఒక్కటీ ఉండకూడదనుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. బావి గట్టుకి తెల్లగా సున్నం వేసి ఉంది. చుట్టూ రాళ్ళు తోమి కడిగారు. గిలకకి నూనె పెట్టారు. పాచిపట్టిన పాత తాడు పోయి కొత్త తాడు వచ్చింది. పెద్దకోడలు మెట్టు మీద కూర్చుని అరికాళ్ళకి అంటిన సున్నం గోక్కుంటోంది. చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి.

“ఒక్కదానివే చేశావా?”

“నీ మొగుడు మోటారు పెట్టిచ్చాడులే. మిగతాది నేను చూసుకున్నా. ఎలా ఉంది?”

“బాగుందక్కా” అన్నది చిన్నకోడలు. నిజంగానే బాగుంది. ఇన్నేళ్ళలో ఆ పెరడు ఇంత బాగా ఎప్పుడూ లేదు. రేపు కోర్టువాళ్ళు వచ్చి నిలబడటానికి ఒక శుభ్రమైన చోటుందని ఆమెకి ఊరట కూడా కలిగింది. ఎక్కడినుంచో బ్లీచింగు వాసన వస్తోంది. స్నానాలగది కూడా కడిగినట్టుంది అనుకుంది. కాళ్ళు లాగుతుంటే లోపలికి వెళ్ళి పడుకుంది. మోటారు ఎందుకు పెట్టారని అడగలేదు.

బుధవారం పదింటికి నలుగురు వచ్చారు. కాలుష్యం ఆఫీసు ఆయన, ఆయన పెట్టె మోసుకొచ్చిన అటెండరు, ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకున్న మునిసిపాలిటీ లాయరు, తమ ముసలి లాయరుగారు. ఆఫీసాయన పద్ధతైన మనిషి. ముదురు గోధుమరంగు గాజు సీసాల్ని బావి నీళ్ళతోనే మూడుసార్లు తొలిచాడు. ఒక కాగితపు పట్టీ ముంచి, రంగు చూసి ఏదో అంకె రాసుకున్నాడు. రెండు సీసాలు నింపి, మూత బిగించి, లక్క కరిగించి ముద్ర కొట్టాడు. చిన్నకోడలు ఆయన చేతుల మీదనుంచి చూపు తిప్పలేదు. లక్క నిండుగా పడింది. తేదీ ఉంది, టైముంది. సీసాలు మంచుపెట్టెలోకి వెళ్ళాయి. ఆమె అన్నీ చూసింది, నీళ్ళు తప్ప.

ఇస్త్రీ బట్టల్లో ఉన్న పెద్దకోడలు, వచ్చినవాళ్ళకి గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. మునిసిపాలిటీ లాయరు రుమాలు తీసి తాగాడు. “బాగున్నాయే” అన్నాడు. “కాస్త శ్రద్ధ పెట్టాలండీ” అన్నది ఆమె, మెప్పుకి కొంచెం సిగ్గుపడుతూ. తర్వాత పంచనామా. బావి నీరు మామూలుగా ఉండే స్థితిలోనే ఉండగా నమూనా తీశారని అందులో ఉంది. ఇంటి పెద్ద ఎవరంటే బావగారు షాపులోంచే, మీ అక్క చేత పెట్టించమని కేకేశాడు. పెద్దకోడలు గట్టు మీద కాగితం పరుచుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా పూర్తి పేరు రాసింది. ఫోటోలో కూడా ఆమే ఉంది, తెల్లటి గట్టు పక్కన, చేతులు కట్టుకుని.

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. లాయరుగారు చిన్నకోడల్ని పిలిచి, కూర్చోమని ముందు నీళ్ళిచ్చారు. ఆయన ఎవరికైనా నీళ్ళిచ్చారంటే చెడ్డ వార్తేనని ఆఫీసులో అందరికీ తెలుసు.

అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. రంగు లేదు. వాసన లేదు. సీసం లేదు. లాయరుగారు పెన్నుతో ఒక వరస దగ్గర ఆగారు.

“ఇది బావి దగ్గరే పట్టీ ముంచి చూసిన అంకె. క్లోరిన్. మీ బావిలో క్లోరిన్ ఎవరు పోశారమ్మా?”

ఎవరూ పోయలేదని చెప్పబోయి ఆగింది. తెల్లటి గట్టు, నానిపోయిన చేతులు, బ్లీచింగు వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మోటారు అన్నిటికన్నా చివర వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి పెద్దకోడలు కుండలో బొగ్గు మారుస్తోంది. అప్పటికే బావిలో నీళ్ళు మళ్ళీ టీ రంగుకి తిరిగాయి. చిన్నకోడలు పక్కన కూర్చుని, ఏదో కబురులా, బావి ఎలా కడిగావని అడిగింది. అడిగేవాళ్ళు దొరికినందుకు పెద్దకోడలు ఉత్సాహంగా చెప్పింది. చిన్నకోడలు ఆఫీసుకి బయల్దేరగానే మోటారు దింపి నీళ్ళన్నీ తోడేయించిందట. మోకాళ్ళు నొప్పులని కూడా చూసుకోకుండా తాడు పట్టుకుని దిగి, ఒరలన్నీ పీచుతో తోమిందట. బ్లీచింగు మూడు డబ్బాలు పట్టిందట. తీరా చూస్తే బావి ఖాళీ. ఫోటోలో ఒట్టి బావి ఏం బాగుంటుంది? అదృష్టం కొద్దీ మంగళవారం కదా. ట్యాంకరతను ఎంత మంచివాడంటే, రెండు డ్రమ్ములు కాదు, గొట్టం పెట్టి బండంతా బావిలోకే దింపేసి పోయాడట.

“నువ్వు అడిగావా?”

“లేదే. రేపు ఫోటోలట కదా పెద్దమ్మా, పోసిపోతాలే అన్నాడు.”

“ఫోటోల సంగతి అతనికెవరు చెప్పారు?”

“నేనే చెప్పుంటాను. ఏమో, గుర్తులేదు. ఎందుకూ?”

“ఊరికే” అన్నది చిన్నకోడలు.

మర్నాడు ఆ మాటలన్నీ విని లాయరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ట్యాంకరు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. మునిసిపాలిటీ కావాలనే పోయించిందని రుజువు చేయలేం అన్నారు. నమూనా తారీకు నోటీసు రెండు పక్షాలకీ ఇవ్వాలని చట్టమే చెబుతుంది. తెలియడం తప్పు కాదు, నీళ్ళు పోయడం అసలే తప్పు కాదు. మళ్ళీ నమూనా తీయమని అడగాలంటే కారణం చెప్పాలి. కారణం ఒక్కటే ఉంది.

“అర్జీ పెట్టుకున్నవాళ్ళే ముందురోజు బావి తోడేసి, మందు చల్లి, వేరే నీళ్ళు పోశారని నా చేత్తో రాయమంటావా? రాస్తాను. ఆ తర్వాత మీ అక్క బోనెక్కాలి. మామూలు స్థితిలోనే ఉందని సంతకం ఎందుకు పెట్టావని అవతలాయన అడుగుతాడు. ఫోటోల కోసం కడిగానంటే కోర్టంతా నవ్వుతుంది. నవ్వాక, సాక్ష్యం మార్చారంటారు.”

“అక్క నిజం చెబితే మళ్ళీ నమూనా తీస్తారా?”

“తీయొచ్చు. నేను జడ్జినైతే తీయను” అన్నారాయన.

ఆ సాయంత్రం ఆమె షాపులో భర్త ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. అతను చేతిలో ఉన్న రాగితీగ చుట్ట చుట్టడం ఆపలేదు. మోటారు పెట్టింది నేనేగా అన్నాడు. తల్లి మంచాన పడ్డాక తనని పెంచింది వదినే. ఆవిణ్ణి బోనులో నిలబెట్టి అబద్ధాలకోరని అనిపించే పని తన నోటితో చెప్పలేనన్నాడు. వద్దని కూడా చెప్పలేనన్నాడు. ఆ రెండో మాటకి ఆమెకి కోపం వచ్చింది. మోయమని బరువు తన నెత్తినే పెట్టి, చేతులు మాత్రం ఖాళీగా చూపించినట్టుంది. కానీ లోపల్నుంచి పెద్దకోడలి గొంతు వినిపిస్తోంది. మూడో నెలలో అంతసేపు కుర్చీలో కూర్చోబెడతారా, మీకు బుద్ధి ఉందా లేదా అని ఇద్దర్నీ కలిపి తిడుతోంది.

తెల్లవారి ఆమె లాయరుగారితో, ఆ సంగతి రాయొద్దని చెప్పింది.

వాదన జరిగింది. సీసాలు లేబుకి ఆరు గంటలు ఆలస్యంగా చేరాయని, మంచు కరిగి ఉంటుందని లాయరుగారు చెప్పగలిగినంత చెప్పారు. ఆ ఆరు గంటల్లో చెడ్డ నీళ్ళు మంచివవుతాయా అని జడ్జిగారు అడిగారు. రెండు వారాలకి తీర్పు వచ్చింది. నకలు చిన్నకోడలే తెచ్చుకుంది.

ఇంట్లో అందరూ కూర్చుంటే చదివింది. కొట్టేశారన్న ముక్క ముందే చెప్పేసింది. బావగారు కుర్చీ బల్లకి జరిపి షాపులోకి వెళ్ళిపోయాడు. పెద్దకోడలు మాత్రం కదల్లేదు.

“మన బావి గురించి ఏమన్నా రాశారా?”

లేదనవచ్చు. కానీ కాగితం వైపు ఆమె కూడా వంగి చూస్తోంది. చిన్నకోడలు చదివింది. అర్జీదారుల బావి, దాని పరిసరాలు మెచ్చుకోదగినంత శుభ్రంగా ఉన్నట్టు ఫోటోల వల్ల తెలుస్తోందని, చెత్తకి ఇంత దగ్గరలో కూడా అలా ఉండటం గమనించదగిన విషయమని అందులో ఉంది.

“మళ్ళీ చదువు” అన్నది పెద్దకోడలు.

మళ్ళీ చదివింది.

“కేసు పోతే పోయింది. మనుషులం ఎలా బతుకుతున్నామో అన్నా చూశారు” అన్నది పెద్దకోడలు. వీధిలో నలుగురికి చెప్పుకుంది కూడా. రెండు వారాలు ఆ మాటతోనే గడిపింది.

మూడో మంగళవారం ట్యాంకరు రాలేదు. తర్వాతి మంగళవారమూ రాలేదు. వీధిలో ఆడవాళ్ళు డ్రమ్ములు బయట పెట్టుకుని మధ్యాహ్నం దాకా చూసి, ఫిల్టరక్కా, కోర్టుకి తెలిసినదానివి నువ్వే వెళ్ళి అడుగు అన్నారు. చిన్నకోడలు ఆఫీసులో ఉంది. పెద్దకోడలు ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఒక్కతే మునిసిపాలిటీకి వెళ్ళింది.

అక్కడి గుమాస్తా కసరలేదు, తిట్టలేదు. తర్వాత ఆమె చెప్పిందాన్ని బట్టి, కుర్చీ వేసి మర్యాదగానే మాట్లాడాడు. బావి నీళ్ళు తాగడానికి పనికొస్తాయని కోర్టే ఒప్పుకున్న వీధికి ట్యాంకరు పంపితే ఆడిట్లో తనని పట్టుకుంటారన్నాడు. నీళ్ళు ఎక్కడ పనికొస్తాయి, వచ్చి చూడమని ఆమె అంటే, ఫైలు తీసి తిప్పి ఆమె వైపు పెట్టాడు. తెల్లటి గట్టు. పక్కన చేతులు కట్టుకుని తను. కింద తన సంతకం. ఈ సంతకం మీదేగా అమ్మా అన్నాడు. ఆ పక్క కాగితంలో ఏముందని ఆమె అడిగింది. ఓపికగా చదివి చెప్పాడు. క్లోరిన్ అంటే ఏమిటని అడిగితే, బ్లీచింగులో ఉండేదన్నాడు.

సాయంత్రం చిన్నకోడలు వచ్చేసరికి పెరట్లో ఇనుప చట్రం ఖాళీగా నిలబడి ఉంది. మూడు కుండలూ గోడవార బోర్లించి ఉన్నాయి. బొగ్గు, ఇసుక కలిసి ఒక కుప్పగా పడి ఉన్నాయి. ఇంట్లో ఎక్కడ ఏది కుప్పగా పడి ఉన్నా ఊరుకోని మనిషి దాని పక్కనే మెట్టు మీద కూర్చుని ఉంది. బట్టలు కూడా మార్చుకోలేదు. మునిసిపాలిటీకి వెళ్ళింది, గుమాస్తా చూపించింది, మొదటినుంచి చివరిదాకా ఒకే గొంతుతో చెప్పింది.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“రిపోర్టు వచ్చినప్పటినుంచి.”

పెద్దకోడలు చీపురుపుల్ల ఒకటి తీసుకుని విరిచి, ఆ ముక్కల్ని మళ్ళీ విరిచింది.

“ఆ రోజు వచ్చి చూసి బాగుందన్నావు.”

“నాకూ బాగానే అనిపించిందక్కా.”

“చదువుకున్నదానివి. నీకైనా తట్టొద్దా?”

మూడేళ్ళు ఆ నీళ్ళ గురించి టైపు చేసిన మనిషి, ఆ సాయంత్రం సున్నం చూసి మురిసింది. అదే మాట చెప్పింది. పెద్దకోడలు తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

“ఎన్నాళ్ళయింది ఇప్పటికి?” అని కడుపు వైపు చూస్తూ అడిగింది.

“మూడు నెలల ఇరవై రోజులు.”

ఇద్దరికీ తెలిసిన లెక్కే. కిందటిసారి నాలుగో నెల నిండకుండానే పోయింది. ఇంట్లో డ్రమ్ములు రెండూ అడుగంటాయి. చిన్నకోడలు బ్యాగు గోడకి ఆనించి, చేతులు పైకి మడుచుకుని, కుండ ఒకటి తిరగేసి కడిగింది. బొగ్గూ ఇసుకా జల్లెడతో వేరుచేయడానికి గంట పట్టింది. కుండలు చట్రంలో పెట్టి, నూలుగుడ్డ మడిచి పై కుండ మూతికి కట్టింది. పెద్దకోడలు చూస్తూనే ఉంది, లేవలేదు.

“ఇంకా ఎందుకు కడతావు?”

“తాగాలిగా.”

చిన్నకోడలు పొద్దుటి బిందెలో తేరిన నీళ్ళు వంచబోయింది.

“నాలుగు మడతలు” అన్నది పెద్దకోడలు, కూర్చున్నచోటనుంచే. “అది మూడే.”

చిన్నకోడలు విప్పి మళ్ళీ కట్టింది. నీళ్ళు పోసింది. మధ్య కుండ దాటి కింద చుక్క పడటానికి చాలాసేపు పట్టింది.

“బొగ్గు మార్చాక మొదటి బిందె తాగొద్దు. పారబోయాలి.”

“తెలుసక్కా.”

దాహంగా ఉంది. చిన్నకోడలు చట్రం పక్కనే గొంతుకూర్చుని, వంగి కింది కుండలోకి చూసింది. నీళ్ళు టీ రంగులోనే దిగుతున్నాయి. వెనక గోడ అవతల లారీ ఒకటి వెనక్కి తిరిగి, వెనక తలుపు తెరిచి, చెత్త దించడం మొదలుపెట్టింది.